హాట్ టబ్‌కి ఏ వైరు కొనాలి? అమెరికా ఇళ్లలో 50 యాంపుల లైనుకు దొరికే సరుకు మీద సమీక్ష

ముందే తేల్చి చెప్పేస్తున్నాం. 240 వోల్టుల, 50 యాంపుల హాట్ టబ్‌కి ఇంటి బయట నడిచే లైనులో వేయాల్సింది 6 గేజ్ రాగి టీహెచ్‌హెచ్ఎన్/టీహెచ్‌డబ్ల్యూఎన్-2 (ఇది ఇన్సులేషన్ రకం పేరు) విడి వైర్లు, అవీ ఒక అంగుళం పీవీసీ పైపులో. ఈ జోడీకి ఐదుకి ఐదు మార్కులు. మిగతా సరుకు దీని పక్కన పెడితే ఎక్కడ తగ్గుతుందో, ఎందుకు తగ్గుతుందో కింద రాశాం. టెక్సాస్ ఫ్రిస్కోలోనో న్యూజెర్సీ ఎడిసన్‌లోనో పెరట్లో టబ్ పెట్టిస్తున్న మనవాళ్లు ఎలక్ట్రీషియన్ ఇచ్చిన కొటేషన్ అర్థం చేసుకోవడానికీ, హోమ్ డిపోలో వైరు చుట్టల ముందు నిలబడి ఏది కోయించుకోవాలో తేల్చుకోవడానికీ ఇది పనికొస్తుంది.

ఇండియాలో వైరింగ్ గురించి కాస్తో కూస్తో తెలిసినవాళ్లే ఇక్కడ ఎక్కువ తడబడతారు. అక్కడ ఒక ఫేజు, ఒక న్యూట్రల్, మధ్య 230 వోల్టులు. ఇక్కడ నలుపు, ఎరుపు రెండూ కరెంటున్న వైర్లే. ఒక్కోదానికీ తెల్లటి న్యూట్రల్‌కీ మధ్య 120, ఆ రెండింటి మధ్య 240. మనం ఎర్త్ అనేది ఇక్కడ గ్రౌండ్, ఆకుపచ్చ వైరు. సైజు విషయం ఇంకా ముఖ్యం. ఇక్కడి గేజ్ నంబరు తగ్గే కొద్దీ వైరు లావవుతుంది. 6 గేజ్ అంటే 6 చదరపు మిల్లీమీటర్లు కాదు, 13.3. మనకి అలవాటైన 6 చదరపు మిల్లీమీటర్ల వైరు ఇక్కడి 10 గేజ్‌కి దగ్గర, అది 30 యాంపుల సర్క్యూట్లకు వాడేది. అలాగే కరెంటు లీకైతే లైను ఆపేసే పరికరం, అక్కడ ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ, 30 మిల్లీయాంపుల లీకేజీకి పడిపోతే (ట్రిప్ అయితే), ఇక్కడ టబ్‌కి పెట్టే జీఎఫ్‌సీఐ 4 నుంచి 6 మిల్లీయాంపులకే పడిపోతుంది. అందుకే పని కాస్త అటూ ఇటూగా చేసినా ఇక్కడ బయటపడిపోతుంది. అది మంచిదే.

వైరు కొనే ముందు టబ్ నేమ్‌ప్లేట్ చూడాలి

టబ్ లోపలి తలుపు దగ్గరో, మాన్యువల్‌లోనో వోల్టులు, యాంపులు, వైర్లు మూడా నాలుగా అన్నది ఉంటుంది. అది చూడకుండా వైరు కోయించుకోవద్దు. 5.5 కిలోవాట్ల హీటరు ఒక్కటే 240 వోల్టుల మీద 23 యాంపులు లాగుతుంది. దానికి పంపులు తోడైతే 50 యాంపుల బ్రేకర్ ఎందుకో అర్థమవుతుంది. పెద్ద టబ్బులు కొన్ని 60 అడుగుతాయి. హాట్ స్ప్రింగ్ కంపెనీ టబ్బుల్లో చాలా మోడళ్లకు 50 యాంపుల లైను సబ్‌ప్యానెల్ (మెయిన్ ప్యానెల్ తర్వాత పెట్టే చిన్న బ్రేకర్ల డబ్బా) దాకా వచ్చి, అక్కడ 20, 30 యాంపుల రెండు జీఎఫ్‌సీఐ బ్రేకర్లుగా చీలి, టబ్‌కి ఐదు వైర్లు వెళ్తాయి. అలాంటి టబ్‌కి షాపులో దొరికే మామూలు స్పా ప్యానెల్ (టబ్ దగ్గర బిగించే, ఒక్క 50 యాంపుల జీఎఫ్‌సీఐ బ్రేకరుండే డబ్బా) కొంటే డబ్బు దండగ.

మామూలు ప్లగ్గుతో నడిచే 120 వోల్టుల టబ్బు తీసుకుంటే ఈ వైరింగ్ గోలే ఉండదు కదా అని అడిగేవాళ్లకు ఒక లెక్క. 350 గ్యాలన్ల నీళ్లను 60 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి 102కి తేవడానికి దాదాపు 36 యూనిట్ల కరెంటు కావాలి. 5.5 కిలోవాట్ల హీటరుకు అది ఆరున్నర గంటల పని. 1 కిలోవాట్ హీటరుకు ఒకటిన్నర రోజు, అదీ వేడి బయటికి పోకుండా ఉంటే. పైగా ఈ చిన్న టబ్బుల్లో చాలావాటిలో జెట్లు తిరుగుతున్నంతసేపు హీటరు ఆగిపోతుంది. న్యూజెర్సీ జనవరిలో మూత తీసి నలుగురు కూర్చుంటే నీళ్లు చల్లారుతూనే ఉంటాయి. అద్దె ఇంటికి సరే, సొంత ఇంటికి మేము సలహా ఇవ్వం.

టీహెచ్‌హెచ్ఎన్/టీహెచ్‌డబ్ల్యూఎన్-2, 6 గేజ్ రాగి: 5/5

విడివిడి వైర్లు, అడుగుల లెక్కన కోసిస్తారు. నలుపు, ఎరుపు, తెలుపు 6 గేజ్‌లో, ఆకుపచ్చ 10 గేజ్‌లో తీసుకోవాలి. 60 యాంపుల దాకా బ్రేకరుకు 10 గేజ్ రాగి గ్రౌండ్ సరిపోతుంది. వైరు మీద అచ్చు దగ్గరగా చదవండి, టీహెచ్‌డబ్ల్యూఎన్-2 అన్న మాట అక్కడ ఉండాలి. ఆ పేరులోని డబ్ల్యూ తడిని తట్టుకుంటుందని చెప్పే అక్షరం. భూమిలో పైపు ఎంత జాగ్రత్తగా అంటించినా లోపల చెమ్మ పట్టి నీళ్లు చేరతాయి, అందుకే కోడ్ (ఎన్ఈసీ అనే అమెరికా వైరింగ్ నిబంధనలు) కూడా ఆ పైపు లోపలి భాగాన్ని తడి ప్రదేశంగానే లెక్కేస్తుంది. ఇప్పుడు షాపుల్లో దొరికేదాని మీద సాధారణంగా రెండు పేర్లూ కలిపే ఉంటాయి. పాత చుట్ట ఎవరైనా ఊరికే ఇస్తానంటే మాత్రం చదివి తీసుకోండి.

ఈ వైరును వేలితో తడిమితే పైన గాజులా మెరిసే పలచని నైలాన్ పొర తెలుస్తుంది. పైపులోకి లాగేటప్పుడు జారడానికి, రాపిడి తట్టుకోవడానికి అదే ఆధారం. పదునైన పైపు అంచు తగిలి నైలాన్ ఒక్కటే పొట్టులా లేస్తే ఫర్వాలేదు. కింది ప్లాస్టిక్ తెగి రాగి కనిపిస్తే ఆ ముక్క పక్కన పెట్టాల్సిందే, టేపు చుట్టి పైపులోకి తొయ్యకూడదు.

రంగుల విషయంలో చాలామంది ఒక తప్పు కొంటారు. నల్ల చుట్ట ఒక్కటే తీసుకుని చివర్లలో తెల్ల టేపు, పచ్చ టేపు చుడదామనుకుంటారు. 6 గేజ్, అంతకన్నా సన్న వైర్లకు అది చెల్లదు. న్యూట్రల్ పొడవునా తెలుపో బూడిద రంగో, ఇన్సులేషన్ ఉన్న గ్రౌండ్ పొడవునా ఆకుపచ్చో ఉండాలి. టేపు వెసులుబాటు 4 గేజ్ నుంచి మొదలవుతుంది. ఇన్స్పెక్టరు మూత తీయగానే మొదట కనిపించేది ఇదే.

ఈ వైరుకు ఇంకో లాభం: 75 డిగ్రీల సెల్సియస్ వేడి దాకా తట్టుకునే టెర్మినళ్ల (వైరు బిగించే చోట్ల) మీద 65 యాంపులు మోస్తుంది. రేపు 60 యాంపుల టబ్ తెచ్చుకున్నా పైపు తవ్వక్కర్లేదు, బ్రేకర్లు, ప్యానెల్ మారిస్తే చాలు.

ఎన్ఎం-బి 6/3: ఇంటి లోపల 4/5, బయట 0

రోమెక్స్ అని అందరూ పిలిచే కేబుల్ ఇదే. 6/3 అంటే 6 గేజ్ వైర్లు మూడు, గ్రౌండ్ కాక. 6 గేజ్‌లో నల్లటి తొడుగు, లోపల నలుపు, ఎరుపు, తెలుపు, ఏ తొడుగూ లేని 10 గేజ్ గ్రౌండ్. గరాజ్‌లోని మెయిన్ ప్యానెల్ నుంచి అటక మీదుగా వెనక గోడ దాకా రావాలంటే ఇంతకన్నా సులువైన దారి లేదు. పైపు వంచే పని లేదు, జాయిస్టుల్లో (చెక్క దూలాల్లో) రంధ్రాలు వేసి లాగేయొచ్చు. ఇంటి లోపలి భాగానికి కోడ్ కూడా ఒప్పుకుంటుంది. ఒక మార్కు ఎందుకు తగ్గించామంటే, ఈ కేబుల్‌ను 60 డిగ్రీల లెక్కలోనే చూడాలి, అంటే 55 యాంపులే. 50 యాంపుల టబ్‌కి చాలు, నేమ్‌ప్లేట్ మీద 60 ఉంటే దీన్ని తలపెట్టొద్దు.

బయటికి రాగానే దీని పని అయిపోయింది. పైపులో పెట్టినా సరే, తడి ప్రదేశంలో ఎన్ఎం-బి వేయకూడదు. లోపల వైర్ల మధ్య కాగితం ఉంటుంది, అది నీళ్లు పీల్చుకుని తొడుగు వెంట పైకి పాకిస్తుంది. తక్కువకి చేసేస్తామన్న పనుల్లో మేము ఎక్కువగా చూసే తప్పు ఇదే: లోపలి నుంచి వచ్చిన నల్ల కేబుల్‌నే పైపులో దూర్చి టబ్ దాకా లాగేయడం. కొటేషన్‌లో ఒక్క 6/3 మాత్రమే రాసి, పచ్చ వైరు మాటే లేకపోతే అడగండి.

లోపల ఎన్ఎం-బి, బయట టీహెచ్‌డబ్ల్యూఎన్ అనుకుంటే గోడ దగ్గర జంక్షన్ బాక్స్ పడుతుంది. 6 గేజ్ వైరు ఒక్కోదానికి 5 ఘనపు అంగుళాల చోటు కావాలి. వచ్చేవి మూడు, వెళ్లేవి మూడు, గ్రౌండ్లకు 2.5, మొత్తం 32.5. మామూలు 4 అంగుళాల లోతు బాక్స్ 30.3 మాత్రమే, చాలదు. 4 11/16 అంగుళాల లోతు బాక్స్ 42 ఇస్తుంది, అదే తీసుకోండి. ఇంకా మంచిది, స్పా ప్యానెల్‌ను కుదిరితే ఇంటి వెనక గోడకే బిగించి, కేబుల్‌ను లోపలి వైపు నుంచి నేరుగా దాని వెనక్కి తెచ్చేయడం. ఒక అతుకు తగ్గుతుంది.

యూఎఫ్-బి: 2/5

బూడిద రంగు, నేరుగా మట్టిలో పూడ్చే కేబుల్. పైపు ఖర్చు లేదని ఊరిస్తుంది. కానీ 24 అంగుళాల లోతు తవ్వాలి, అదే పీవీసీ పైపుకైతే 18 చాలు. ఆరు అంగుళాల తేడా చెప్పుకోవడానికి చిన్నదే, డాలస్ వైపు బంకమట్టి తవ్వేవాళ్లకు తెలుస్తుంది. తొడుగు వైర్లకు అతుక్కుని పోతపోసినట్టుంటుంది, ఒలవడానికి ప్రాణం పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, లోపలి గ్రౌండ్‌కి ఇన్సులేషన్ లేదు. హాట్ టబ్బుల సంగతి చెప్పే ఎన్ఈసీ 680వ ఆర్టికల్ ఏ సంవత్సరం ప్రతి మీ రాష్ట్రంలో అమల్లో ఉందన్న దాన్ని బట్టి ఇది చెల్లొచ్చు, చెల్లకపోవచ్చు. చాలామంది ఇన్స్పెక్టర్లు మాత్రం టబ్ దగ్గర పచ్చ ఇన్సులేషన్ ఉన్న గ్రౌండే చూడాలనుకుంటారు. పదేళ్ల తర్వాత పార తగిలి తెగితే మార్చడానికి మళ్లీ పెరడంతా తవ్వాలి. పైపులోనైతే కొత్త వైరు లాగేస్తే అయిపోతుంది.

8 గేజ్, అల్యూమినియం

8 గేజ్ రాగి 75 డిగ్రీల లెక్కలో సరిగ్గా 50 యాంపులు మోస్తుంది, కాబట్టి కాగితం మీద సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ 50 యాంపుల టబ్ మాన్యువళ్లలో ఎక్కువ భాగం 6 గేజ్ రాగి అనే రాస్తాయి, తయారీదారు రాసింది పాటించడం కోడ్‌లో భాగం. వారంటీ కోసం ఫోన్ చేసినప్పుడు మొదట అడిగేదీ వైరు సైజే. 2/5. అయితే 40 యాంపుల టబ్ అయి, మాన్యువల్లోనే 8 గేజ్ అని ఉంటే నిక్షేపంగా వాడుకోండి.

అల్యూమినియం టబ్ దగ్గర వద్దు. 6 గేజ్ అల్యూమినియం 75 డిగ్రీల దగ్గర 50 యాంపులే, పైగా టబ్ టెర్మినల్ బ్లాకులు చాలావరకు రాగికి మాత్రమే చేసినవి. వేడెక్కుతూ చల్లారుతూ స్క్రూ కింద అల్యూమినియం నలిగి వదులవుతుంది. రోజుకి ఎన్నోసార్లు హీటరు వేసి ఆపే చోట అది కాలిన టెర్మినల్‌గా తేలుతుంది. 1/5.

దూరం ఎక్కువైతే

6 గేజ్ రాగి మీద 40 యాంపులు లాగితే 100 అడుగుల దూరానికి దాదాపు 4 వోల్టులు పడిపోతాయి, అంటే 1.6 శాతం. ఏ ఇబ్బందీ లేదు. 180 అడుగులు దాటితే 3 శాతానికి చేరుతుంది, అక్కడి నుంచి 4 గేజ్ వేయండి. కరెంటు వైర్లు లావు చేసినప్పుడు గ్రౌండ్ కూడా అదే నిష్పత్తిలో పెంచాలి, 10 పోయి 8 గేజ్ అవుతుంది. ఇది మర్చిపోయి ఇన్స్పెక్షన్‌లో ఆగిపోయిన పనులు బోలెడు.

పైపు: ముప్పావు అంగుళం ఎందుకు వద్దంటున్నాం

మూడు 6 గేజ్, ఒక 10 గేజ్ కలిపి 0.173 చదరపు అంగుళాలు. మామూలు మందం ఉన్న షెడ్యూల్ 40 ముప్పావు పైపులో, కోడ్ ఒప్పుకునే 40 శాతం నింపుడు అంటే 0.203, పడతాయి. కానీ నేల నుంచి పైకి లేచే చోట, గడ్డి కోసే మెషిన్ తగిలే చోట గట్టిదైన షెడ్యూల్ 80 వేయాలి. దాని గోడ మందం, లోపలి రంధ్రం చిన్నది, 40 శాతం అంటే 0.164. అదే నాలుగు వైర్లు అక్కడ పట్టవు. కింద ముప్పావు వేసి చివర్లో ఇరుక్కునే కన్నా మొదటి నుంచీ ఒక అంగుళం వేస్తే షెడ్యూల్ 80లో కూడా 0.275 దొరుకుతుంది. పైపు ఖర్చులో తేడా కొద్దిగానే, లాగేటప్పుడు చేతుల్లో తేడా చాలా.

పైపంతా అంటించడం పూర్తయ్యాకే వైరు లాగాలి. జిగురు ఆరకముందే లాగితే ఆ ద్రావకం ఇన్సులేషన్‌ను మెత్తబరుస్తుంది. ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టె దాకా వంపులు అన్నీ కలిపి 360 డిగ్రీలు మించకూడదు, అంటే నాలుగు మూలలు. లాగే ముందు వైర్లకు కందెన రాయండి, ఒకరు తోస్తుంటే ఒకరు లాగాలి. గోడ మీద ఎండ తగిలే పీవీసీ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడాకి 100 అడుగులకు 4 అంగుళాలు సాగుతుంది. కొత్త ఇంటి చుట్టూ మట్టి కూడా కిందికి దిగుతుంది. ఆ రెండూ కలిసి ప్యానెల్ అడుగు నుంచి పైపును ఊడబెరుకుతాయి. నేల నుంచి లేచే చోట ఒక ఎక్స్‌పాన్షన్ కప్లింగ్ పెడితే ఆ బాధ ఉండదు.

ఇంట్లోకి వచ్చే పైపు నోటికి డక్ట్ సీల్ మైనం కూరడం చాలామంది వదిలేస్తారు. చలికాలంలో ఇంటి వెచ్చటి గాలి చల్లటి పైపులోకి వెళ్లి నీరుగా మారి, ప్యానెల్‌లోకి చుక్కలుగా తిరిగి వస్తుంది. న్యూట్రల్ బార్ (తెల్ల వైర్లు బిగించే లోహపు పట్టీ) మీద పచ్చటి చిలుము కనిపిస్తే కారణం తరచూ ఇదే.

స్పా ప్యానెల్

స్క్వేర్ డీ, ఈటన్, సీమెన్స్, జీఈ, ఏదైనా 50 యాంపుల జీఎఫ్‌సీఐ బ్రేకరుతో కలిపి వచ్చే డబ్బా తీసుకోవచ్చు. పనితనంలో చెప్పుకోదగ్గ తేడా మాకు కనిపించలేదు, గ్రౌండ్ బార్‌లో కనీసం మూడు రంధ్రాలున్నాయో లేదో మాత్రం చూసుకోండి. ఇది టబ్ లోపలి గోడ నుంచి కనీసం 5 అడుగుల దూరంలో, టబ్ దగ్గర నుంచి కంటికి కనిపించేలా, 50 అడుగులు దాటకుండా ఉండాలి. నీళ్లలో కూర్చున్న మనిషి చెయ్యి చాపితే అందకూడదు. ఈ డబ్బాలో జీఎఫ్‌సీఐ ఉంటే మెయిన్ ప్యానెల్‌లో మామూలు రెండు పోల్స్ 50 యాంపుల బ్రేకరు చాలు, అది మాత్రం ఆ ప్యానెల్‌కి ఆమోదించిన రకమే అయ్యుండాలి. జీఎఫ్‌సీఐని మెయిన్ ప్యానెల్‌లో పెట్టి టబ్ దగ్గర వట్టి స్విచ్ పెట్టే పద్ధతి కూడా చెల్లుతుంది. కానీ పడిపోయిన ప్రతిసారీ తడి ఒంటితో గరాజ్‌కి నడవాలి.

టబ్ నుంచి వచ్చే తెల్ల వైరు ఎక్కడికి వెళ్లాలన్నది ఈ పనంతటిలో ఎక్కువమంది పొరబడే చోటు. బ్రేకరు నుంచి చుట్టలా వచ్చే తెల్ల తోక న్యూట్రల్ బార్‌కి. టబ్ తెల్ల వైరు బార్‌కి కాదు, బ్రేకరు మీదున్న న్యూట్రల్ స్క్రూకి. దాన్ని బార్‌కి పెట్టేస్తే 120 వోల్టుల మీద నడిచే పంపో లైటో వెయ్యగానే, తిరిగి వచ్చే కరెంటు బ్రేకరు కళ్లకు కనపడదు, లీకేజీ అనుకుని పడిపోతుంది. న్యూట్రల్ అక్కర్లేని మూడు వైర్ల టబ్ అయినా మెయిన్ ప్యానెల్ నుంచి ఇక్కడిదాకా నాలుగు వైర్లూ రావాలి, బ్రేకరు తోకకి న్యూట్రల్ లేకపోతే లోపలి ఎలక్ట్రానిక్స్ పనిచేయవు. ఈ డబ్బాలో న్యూట్రల్, గ్రౌండ్ రెండూ వేరువేరుగానే ఉండాలి, కలపకూడదు.

స్క్రూలు చేత్తో బిగించి వదలొద్దు. ఎంత టార్క్ (బిగించే బలం) అన్నది లేబుల్ మీద ఉంటుంది, టార్క్ స్క్రూడ్రైవరుతో ఆ అంకె దాకా బిగించాలి. కాలిన టబ్ టెర్మినళ్లలో వైరు సైజు తప్పు కన్నా వదులు స్క్రూలే ఎక్కువ.

ఇంకా మిగిలినవి

ఇంట్లో టెస్లా వాల్ కనెక్టర్ (కారు చార్జరు) పూర్తి 48 యాంపుల మీద ఉంటే అది ఒక్కటే 60 యాంపుల బ్రేకరు తింటుంది. దానికి కరెంటు పొయ్యి, ఇప్పుడు టబ్ కలిస్తే 100 లేదా 125 యాంపుల పాత సర్వీసు (ఇంటికొచ్చే మెయిన్ లైను) తట్టుకుంటుందో లేదో లోడ్ లెక్క వేయించండి. వైరు కొనే ముందు చేయాల్సిన పని ఇది. తవ్వే ముందు 811కి ఫోన్ చేయడం ఉచితం, గ్యాస్, కేబుల్ లైన్లు ఎక్కడున్నాయో రంగులు వేసి వెళ్తారు. పర్మిట్ తీసుకుని, ఇన్స్పెక్టరు చూసేదాకా కాలువ పూడ్చకండి. కొన్ని ఊళ్లలో ఇంటి యజమాని సొంతంగా చేసుకోవచ్చు, కొన్నిచోట్ల లైసెన్సున్న ఎలక్ట్రీషియనే చేయాలి, సిటీ ఆఫీసులో అడిగితే చెప్తారు.

నేల మీద పెట్టిన, బయట వాడకానికి ఆమోదం ఉన్న టబ్ అంచు, చుట్టూ 30 అంగుళాల లోపల ఉన్న నేలకన్నా 28 అంగుళాలు ఎత్తుంటే చుట్టూ నేల కింద 8 గేజ్ రాగి బాండింగ్ తీగ (టబ్ చుట్టూ ఉన్న లోహాన్నీ నేలనీ ఒకే వోల్టేజీలో ఉంచేది) వేయక్కర్లేదు. డెక్‌లోకి దించి పెట్టారంటే ఆ మినహాయింపు పోతుంది. కాంక్రీటు పోయకముందే ఇది తేల్చుకోవాలి.

టబ్‌లో నీళ్లు నింపాకే బ్రేకరు వేయండి, ఖాళీ హీటరు నిమిషాల్లో మాడిపోతుంది. వేసిన వెంటనే, లేదా ఏదో ఒక పంపు కదిలిన వెంటనే పడిపోతే తెల్ల వైరు చూడండి. కొద్ది నిమిషాలు నడిచి, హీటరు అందుకోగానే పడిపోతే ఎలిమెంటు లీకవుతోంది. దాని రెండు వైర్లు తీసేసి, చివరలు దేనికీ తగలకుండా ఉంచి, బ్రేకరు మళ్లీ వేసి చూస్తే పడిపోకుండా నిలబడుతుంది. వానప్పుడు మాత్రమే పడిపోతే ఎక్కడో బాక్సులో నీళ్లు. గంటల తరబడి నడిచి, డబ్బా మూత మీద చెయ్యి పెడితే వేడిగా తగిలి అప్పుడు పడిపోతే అది లీకేజీ కాదు, వదులు స్క్రూ. ఆ వేడి తగిలాక బ్రేకరు మళ్లీ వేయొద్దు. మెయిన్ ప్యానెల్‌లో ఆపి, వైరు చివర నల్లబడిందేమో చూసి, ఆ మేరకు కోసి, కొత్త రాగి మీద టార్క్ పెట్టి బిగించాలి. ఇవేవీ లేకుండా నడుస్తున్న టబ్‌కైనా నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి. నొక్కగానే టబ్ డిస్‌ప్లే ఆరిపోవాలి. ఆరకపోతే ఆ బ్రేకరు మార్చేదాకా ఎవరూ నీళ్లలోకి దిగకూడదు.